సెలవుల యాత్రలో సామాన్ల కాపలా ఎవరిది?

ఏప్రిల్ నెల రాగానే మన తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లలకు సెలవులొచ్చాయి, ఎక్కడికి పోదాం? వెనకటి తరంలో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు ఉండేది, అవ్వోళ్ళ ఊరు. ఇప్పుడు పిల్లలే జవాబు రాసుకుని వస్తున్నారు. మద్రాసులో రెండు పార్కులు, వీలైతే మూడు. అక్కడి నుంచి బెంగుళూరు, బిడది దగ్గర వండర్లా. తిరిగి పలమనేరు మీదుగా ఇంటికి. (1996లో పేరు చెన్నై అయింది గాని మన వాళ్ళ నోట ఇంకా మద్రాసే.) పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పోయేవాళ్ళున్నారు, చీటీ పాడుకుని పోయేవాళ్ళున్నారు, ఆఫీసు ఇచ్చే ఎల్.టి.సి. మీద పోయేవాళ్ళున్నారు. ఒకప్పుడు పెళ్ళికి వేసినట్టు ఇప్పుడు ఈ యాత్రకు బడ్జెట్ వేస్తున్నారు.

ఈ పార్కులు మన దేశానికి మరీ పాతవేమీ కావు. అమెరికాలో డిస్నీలాండ్ 1955లో తెరిచారు. మన దేశంలో ఢిల్లీలో 1984లో అప్పూ ఘర్ వచ్చింది, అది 2008లో మూతపడింది. తర్వాత మద్రాసు చుట్టూ వి.జి.పి., ఎం.జి.ఎం., కిష్కింత, క్వీన్స్‌లాండ్ లాంటివి పేరు తెచ్చుకున్నాయి. 1996లో హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ, 2005లో బిడదిలో, 2016లో హైదరాబాదులో వండర్లా. 2025 డిసెంబరులో అదే కంపెనీ మద్రాసు దగ్గర కూడా ఒకటి తెరిచింది. అంటే మన జిల్లాల నుంచి తెల్లవారుజామున బయలుదేరితే పది గంటలకల్లా గేటు ముందు నిలబడగలిగే పార్కులు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

మన సంఘాల సమావేశాల్లో ఈ ప్రస్తావన వస్తే ఎక్కువమంది ఒక నవ్వు నవ్వి ఊరుకుంటారు. ఇది వినియోగ సంస్కృతి, మార్కెట్ మాయ, మధ్యతరగతి విలాసం, మనకెందుకు అంటారు. నేను దీంతో ఏకీభవించను. మార్కెట్ మాయ సంగతి నిజమే. 2017 జూలైలో ఈ పార్కుల టికెట్ల మీద 28 శాతం జి.ఎస్.టి. వేశారు, 2018 జనవరిలో 18 శాతానికి దించారు. సరదాకు సర్కారు కూడా వాటా తీసుకుంటోంది. కాని విలాసం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒక అనుమానం. మగవాడు సినిమాకో క్లబ్బుకో పోతే దాన్ని మనం కాలక్షేపం అంటాం. ఆడది పోతే విలాసం అంటున్నామా?

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణలో విశ్రాంతి, తీరిక, వేతనంతో కూడిన సెలవులు హక్కుగా రాశారు. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు 1979లో వచ్చిన ఒడంబడికలో 13వ అధికరణ వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించి చెప్తుంది. దాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. పిల్లల హక్కుల ఒడంబడిక 31వ అధికరణ ఆట గురించి చెప్తుంది, దానికి 1992లోనే ఒప్పుకున్నాం. మనం శిక్షణ తరగతుల్లో ఈ ఒడంబడికల మీద గంటలు గంటలు మాట్లాడతాం. హింస, ఆస్తి, వేతనం దగ్గర ఆగుతాం. 13వ అధికరణ దగ్గర ఎవరూ ఆగరు. ఆగడానికి మనకే సిగ్గు.

అందుకే పార్కుకు పోవడం మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. ఈ యాత్రలో సెలవు ఎవరికి అన్నదే ప్రశ్న.

యాత్రకు ముందు రోజు రాత్రి నుంచి లెక్క వేద్దాం. నిప్పట్లు, మురుకులు వారం ముందే అయిపోయాయి. ముందురాత్రి చింతపండు పులుసు కాచిపెట్టాలి. తెల్లారి మూడింటికి లేచి అన్నం వార్చి చిత్రాన్నం కలపాలి, పెరుగన్నం వేరే. పిల్లలకు రెండేసి జతల బట్టలు, తువ్వాళ్ళు, మామగారి బి.పి. మాత్రలు, అత్తగారికి ఉప్పులేని చారు. బండి ఎక్కిన తర్వాత భర్త ముందు సీట్లో కూర్చుని దారి చూపిస్తాడు. ఆమె వెనక సీట్లో వాంతి చేసుకునే పిల్లకు సంచి పట్టుకుంటుంది. పుత్తూరు దాటేసరికి ఆమెకు ఆ రోజు పనిలో సగం అయిపోయి ఉంటుంది.

పార్కు గేటు దగ్గర సంచులు వెతుకుతారు. బయటి తిండి లోపలికి రానివ్వరు. మూడింటికి లేచి చేసిన చిత్రాన్నం బండిలోనే ఉండిపోతుంది, సాయంత్రానికి పులుస్తుంది. లోపల ఒక ప్లేటు ఇడ్లీ ధర చూసి "నాకు ఆకలి లేదు, మీరు తినండి" అనేది ఎవరో చెప్పనక్కరలేదు. సినిమా హాళ్ళ విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు, బయటి తిండిని ఆపే హక్కు యజమానికి ఉందంటూనే, తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల కోసం తెచ్చిన తిండిని ఆపకూడదని చెప్పింది. అది సినిమా హాళ్ళకు చెప్పిన మాటే. కాని పార్కు గేటు దగ్గర బిడ్డ పాలసీసా కోసం వాదించాల్సి వచ్చిన తల్లి ఆ తీర్పును గుర్తు చేయడంలో తప్పులేదు.

లోపలికి పోయాక అసలు కథ. నీళ్ళ ఆటలకు చీర, చున్నీ కుదరవంటారు. కూలీ చేసుకునే ఒకామె సంఘం సమావేశంలో చెప్పిన మాట ఇది: "టికెట్టు పిల్లోళ్ళకెంతో నాకూ అంతే కట్టినారక్కా. పొద్దుగూకులు వేపచెట్టు కింద కూచుని సంచులు చూసుకున్యా. యాడికి పోయినా మన పని మనదే." ఆమె మాటలో ఫిర్యాదు కూడా లేదు, అదే నన్ను బాధపెట్టింది. ఏ పార్కుకైనా పోయి చూడండి. నీళ్ళ కొలను గట్టు మీద వరసగా ఆడవాళ్ళు, ఒళ్ళో చెప్పులు, గడియారాలు, సెల్‌ఫోన్లు, తడి బట్టలు. పూర్తి టికెట్టు కొని కాపలాకు కూర్చున్న వాళ్ళు. లాకరు అద్దెకు దొరుకుతుంది. "అమ్మ ఉంది కదా, దండగ ఎందుకు" అంటారు.

రాత్రికి లాడ్జి గది. మూడు రోజుల్లో మూడు పార్కులంటే మూడు సార్లు తడిసిన బట్టలు. బాత్‌రూమ్ బకెట్లో ఉతికి, ఫ్యాను కింద కుర్చీల మీద ఆరేసి, తెల్లారేసరికి ఆరని వాటిని ఇస్త్రీ పెట్టెతో ఆర్చేది ఆమే. లాడ్జి దండగ అని మద్రాసులో బంధువుల ఇంట్లో దిగితే ఖర్చు తగ్గుతుంది, నిజమే. ఆ ఇంట్లో ఉన్న వదినకో చిన్నమ్మకో పది మంది చాకిరీ పెరుగుతుంది. ఒక ఆడదాని సెలవు ఇంకో ఆడదాని వంటింట్లో నుంచి వస్తుంది. ఈ ఏర్పాటును మనం ఆప్యాయత అని పిలుస్తాం.

2024లో ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు, పాల్గొనే పురుషులు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. ఐదేళ్ళలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గితే పురుషుల పని తొమ్మిది నిమిషాలు తగ్గింది! సెలవుల్లో ఈ లెక్క ఎలా ఉంటుందో ఎవరైనా సర్వే చేస్తే బాగుండు.

బట్టల సంగతి కొంచెం ఆగి మాట్లాడాలి. చీరలూ చున్నీలూ వద్దనడం కేవలం యాజమాన్యం దర్జా కోసం కాదు, అందులో ప్రాణం సంగతి ఉంది. 2018 ఫిబ్రవరిలో హర్యానాలోని పింజోర్‌లో గో-కార్ట్ చక్రంలో జుట్టు చుట్టుకుని ఒక యువతి చనిపోయింది. 2020 అక్టోబరులో హైదరాబాదు శివారు గుర్రంగూడలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని అదే తీరుగా చనిపోయింది. కనుక నియమం ఉండాల్సిందే. కాని పొడుగు జుట్టు, చున్నీ, చీర ఈ దేశంలో సగం మంది మామూలు వేషం అని తెలిసి కూడా, చక్రానికి మూత వేయని యంత్రాన్ని నడపడం ఎవరి తప్పు? ఆడవాళ్ళ శరీరాన్ని లెక్కలోకి తీసుకోకుండా యంత్రం తయారుచేసి, తర్వాత బోర్డు మీద హెచ్చరిక రాస్తే సరిపోతుందా? ఇక చీర వద్దంటే వేసుకోదగ్గ బట్టలు తక్కువ అద్దెకు దొరకాలి, మార్చుకునేందుకు తలుపులకు గొళ్ళేలున్న గదులుండాలి. అత్తమామల ముందు ప్యాంటు, టీ షర్టు వేసుకోవడానికి ఇష్టంలేని కోడలికి ఆడవాళ్ళకు మాత్రమే ఒక కొలను ఉండాలి. ఇది పాతకాలపు పరదా కాదా అని మనవాళ్ళలో కొందరు అంటారు. కావచ్చు. కాని గట్టు మీద కూర్చోబెట్టడం కంటే నీళ్ళలోకి దిగనివ్వడం మేలు. అలల కొలనులో జనం మధ్య చేతులు ఎక్కడికి వస్తాయో అనుభవించిన ఆడపిల్లలు ఇంట్లో చెప్పరు. చెబితే వచ్చే ఏడాది యాత్రే ఉండదని వాళ్ళకు తెలుసు.

ఇంకో సంగతి మనం బయటికి మాట్లాడం. యాత్ర తేదీ ఖరారు కాగానే ఇంటి ఆడవాళ్ళు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటారు. తేదీ కుదరకపోతే తేదీ మార్చరు, మందుల షాపుకు పోయి నెలసరిని వాయిదావేసే మాత్రలు తెచ్చుకుంటారు. పదిహేనేళ్ళ పిల్లలకు కూడా ఇప్పిస్తున్నారు. తిరుమల యాత్రకు, పెళ్ళికి, ఇప్పుడు వాటర్ పార్కుకు. డాక్టరు చీటీ లేకుండానే చేతికిస్తున్నారు. ఇవి హార్మోన్ మాత్రలు. తలనొప్పి, వికారం, మధ్యమధ్య రక్తం కనిపించడం మామూలే. సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, కాలేయం జబ్బులున్నవాళ్ళు వేసుకోకూడదు. ఈ సంగతి షాపులో ఎవరు చెప్తున్నారు? బండి, లాడ్జి, టికెట్టు అన్నీ ఒక మనిషి శరీరానికి తగ్గట్టు నాలుగు రోజులు వెనక్కి జరపవచ్చు. అది మాత్రం ఎవరికీ తోచదు.

పెద్ద రాట్నాల దగ్గర ఇంకో బోర్డు ఉంటుంది. గర్భిణులు, నడుమునొప్పి ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు ఎక్కరాదు అని. మంచి సలహానే. కాని మన రాష్ట్రంలో ఆ బోర్డు చదివి ఎంతమంది వెనక్కి తిరగాలి? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ, దాదాపు 9 శాతం. ముప్పై ఏళ్ళకే నడుమునొప్పి. రాట్నం ఎక్కలేకపోవడం వాటిలో చిన్న నష్టమే. అయినా నష్టమే.

ఇక ఎక్కినవాళ్ళ సంగతి. 2024 నవంబరులో మన తిరుపతి శిల్పారామంలో రాట్నం మీద నుంచి పడి ఒక స్త్రీ చనిపోయింది, ఆమెతో ఉన్న ఇంకో స్త్రీ తీవ్రంగా గాయపడింది. సంచుల దగ్గర కూర్చోకుండా సరదాగా ఎక్కిన ఆడవాళ్ళు. ఊళ్ళో ఆ మర్నాడు వినిపించిన మాటల్లో "ఆ వయసులో ఎందుకు ఎక్కాలమ్మా" అన్నది కూడా ఉంది. యంత్రం ఎందుకు విరిగింది అని అడగాల్సిన చోట ఆడది ఎందుకు ఎక్కింది అని అడగడం మనకు కొత్త కాదు, రాత్రిపూట బయటికి ఎందుకు పోయింది అన్న ప్రశ్నకు ఇది చెల్లెలు.

మద్రాసు పార్కులూ ఏమంత నిర్భయంగా లేవు. 2012 ఆగస్టులో చెంబరంబాక్కం దగ్గరి పార్కులో తిరిగే యంత్రం మీద నుంచి పడి ఒక విమాన ఉద్యోగిని మరణించింది. 2016 మేలో కిష్కింతలో కొత్త రాట్నాన్ని పరీక్షిస్తుండగా అది కూలి ఒక ఉద్యోగి చనిపోయాడు. 2025 మే నెలలో వి.జి.పి.లో ఒక యంత్రం పైన ఆగిపోయి సుమారు ముప్పై మంది దాదాపు మూడు గంటలు ఆకాశంలో వేలాడారు, అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన బండితో దించారు. భారత ప్రమాణాల సంస్థ ఇలాంటి యంత్రాల తయారీకి, నిర్వహణకు ప్రమాణాలు రాసి పెట్టింది. రాసి పెట్టడం వేరు, ఎవరో ఒకరు వచ్చి బోల్టు తిప్పి చూడడం వేరు. టికెట్టు వెనక "ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని చిన్న అక్షరాలతో ఉంటుంది. ఆ వాక్యం చూసి భయపడకండి. నిర్లక్ష్యం రుజువైతే అది ఎవరినీ కాపాడదు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం కింద, దెబ్బ తగిలింది మద్రాసులో అయినా, కేసు మనం ఉండే చోట, చిత్తూరులోనో తిరుపతిలోనో వేసుకోవచ్చు. అందుకే టికెట్టు పారేయకండి. సంచుల కాపలాలో ఉన్న అక్కలకు ఒక్క పని పెరిగినా ఈ పని మాత్రం మంచిదే.

మన సంఘాల వాళ్ళం ఇంకో విషయం ఒప్పుకోవాలి. ఆడవాళ్ళు ఊరు దాటాలంటే మనం కూడా ఒక కారణం కల్పిస్తాం. పొదుపు సంఘాల వాళ్ళను వేరే జిల్లాకు తీసుకుపోతే దాని పేరు ఎక్స్‌పోజర్ విజిట్. దారిలో సముద్రం చూపిస్తే రిపోర్టులో రాయం. ఇంట్లో వాళ్ళు గుడికంటే పంపుతారు, శిక్షణంటే పంపుతారు, ఊరికే నవ్వుకోవడానికంటే పంపరు. కాబట్టి ఆమె దేవుడి పేరు చెప్పుకుని బయలుదేరుతుంది. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరువణ్ణామలై. బస్సులో వెనక సీట్లలో ఎంత నవ్వులాట ఉంటుందో మీరంతా చూసే ఉంటారు.

మన ఊరి గంగమ్మ జాతర కూడా ఇలాంటిదే. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వేషాలు మార్చి మార్చి వెతికి చంపిన దేవత కథ అది. ఇప్పటికీ ప్రతి మే నెలలో తాతయ్యగుంట చుట్టూ మగవాళ్ళు చీరలు కట్టి తిరుగుతారు. గాజులు, బజ్జీలు, రంగుల రాట్నం. గేటు లేదు, టికెట్టు లేదు, చిత్రాన్నం ఆపేవాడు లేడు. జాతరలో చీర కట్టిన ఆడది గట్టు మీద కూర్చోదు. పార్కులు ఆడవాళ్ళకు వినోదం తెచ్చాయనే వాదన విన్నప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది. తెచ్చింది కొంత, దాంతోపాటు గేటు కూడా.

అసలు సెలవే లేని వాళ్ళను మరిచి ఈ చర్చ చేయలేం. ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఇరవై రోజులకు ఒకటి చొప్పున వేతన సెలవు ఇచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కోడ్ ఆ 240ని 180 చేసింది. శ్రీసిటీలో హాస్టళ్ళలో ఉండి పనిచేసే ఆడపిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. కాని ఇళ్ళలో పనిచేసే వాళ్ళకు ఈ లెక్క వర్తించదు. అమ్మగారి కుటుంబం మూడు పార్కులు చూసి వచ్చేదాకా కుక్కకు అన్నం పెట్టి, మొక్కలకు నీళ్ళు పోసేది ఆమే. జీతం మాత్రం "మేం లేం కదా" అని కోసేవాళ్ళున్నారు. పార్కుల్లో పనిచేసేవాళ్ళ సంగతీ అంతే. వి.జి.పి.లో గేటు దగ్గర కదలకుండా బొమ్మలా నిలబడే మనిషి పిల్లలందరికీ తెలుసు. గంటల తరబడి ఆయన్ను నవ్వించాలని జనం వెక్కిరిస్తారు. నవ్వకపోవడమే ఆయన ఉద్యోగం. మన పిల్లలకు ఆ ఆటలో మనిషి ఎవరో, శ్రమ ఏదో చెప్పామా?

మరి ఏం చేయాలి? పార్కులు మానమని నేను అనను. మూడు రోజులకు మూడు కాక ఒకటి చూడండి, మిగిలిన డబ్బు లాడ్జికి, లాకరుకు, హోటలు భోజనానికి పెట్టండి. సంచుల కాపలాకు గంటల వంతు వేయండి, మొదటి గంట ఇంటాయనది. తేదీ ఖరారు చేసేముందు ఇంటి ఆడవాళ్ళను అడగండి. వేగంగా తిరిగే యంత్రాలు ఎక్కలేని వాళ్ళు ఉంటే వాళ్ళకు నచ్చిన చోటు ఒకటి జాబితాలో ఉండాలి, అది గుడే కానక్కరలేదు.

దగ్గర్లో కూడా చోట్లున్నాయి. 1987లో తెరిచిన మన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల 5,532 ఎకరాలది. పురాణాల్లోని జంతువులు అన్న ఆలోచనతో కట్టారు కాబట్టి నిజానికి అదీ ఒక థీమ్ పార్కే. చీర కట్టుకుని హాయిగా తిరగవచ్చు. తలకోన ఉంది. మదనపల్లె పక్కన హార్సిలీ కొండ ఉంది, ఆ దొర పేరు రాకముందు మనవాళ్ళు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు, ఏనుగుల మధ్య పెరిగిన పిల్ల పేరు మీద. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు కనుక మద్రాసు, బెంగుళూరు పార్కులకు డబ్బు కట్టాల్సిందే. మదనపల్లె దాకా మాత్రం నలుగురు ఆడవాళ్ళు కలిసి, ఎవరి అనుమతీ, ఎవరి పర్సూ అడగకుండా పోయి రావచ్చు. అట్లా పోయినవాళ్ళు రిపోర్టు రాయనక్కరలేదు.

సంఘాలుగా మనం చేయాల్సింది ఒకటుంది, అది తొందరగా చేయాలి. మే నెలలో జాతరకు, ఎగ్జిబిషన్లకు రాట్నాలు లారీల్లో దిగుతాయి. ఒక రాత్రిలో బిగిస్తారు. వాటిని ఎవరు తనిఖీ చేశారు, ఏ తేదీన చేశారు, ఆ కాగితం టికెట్టు కిటికీ దగ్గర అందరికీ కనిపించేలా అంటించారా అని కలెక్టరుకు, నగరపాలక సంస్థకు ఏప్రిల్‌లోనే అర్జీ ఇవ్వాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగాలి. శిల్పారామం ప్రమాదం తర్వాత మన జిల్లాల్లో ఎన్ని రాట్నాలను తనిఖీ చేశారు, ఎన్నింటిని ఆపారు అన్నది ఆ అర్జీలో మొదటి ప్రశ్నగా ఉండాలి.